ఆపరేటర్ తప్పు

యూరియా కోసం బసవమ్మ సొసైటీకి రావడం అది నాలుగోసారి. కాలువ చివరి భూముల్లో రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి నాటింది. అక్కడి నుంచి సొసైటీ ఉన్న బాపయ్య క్యాంపుకు ఆటో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పొద్దుటిది తప్పిపోవడంతో ఆ రోజూ నడిచే వచ్చింది. వరుసలో నిలబడి కౌంటరు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది.

కౌంటరు వెనక ఉన్నది భావన. మూడేళ్ళుగా ఆ సొసైటీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేస్తోంది. రైతు ఆధార్ నంబరు కొట్టడం, వేలిముద్ర మిషను మీద వేలు పెట్టించడం ఆమె పని. మిషను ఒప్పుకుంటే చీటీ వస్తుంది. చీటీ చూపిస్తే గోడౌనులో బస్తాలు ఇస్తారు. మిషను ఒప్పుకోకపోతే గోడౌను నిండా సరుకున్నా ఒక్క బస్తా బయటికి కదలదు.

బసవమ్మ వేలు పెట్టింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి కనెక్షన్ లేదని చూపించి ఆగిపోయింది.

"సర్వర్ లేదు పెద్దమ్మా. కాసేపు కూర్చో," అంది భావన.

"కూసుంటే వస్తదా? మొన్న కూసున్న. అటుమొన్న కూసున్న. నా వరి ఏ రంగుకు తిరిగిందో వచ్చి చూడు," అంది బసవమ్మ. ఆమె గొంతు పెరిగింది. "పొద్దుగాల తొమ్మిదిన్నరకు మీ క్యాంపోళ్ళు వస్తే మిషన్ నడుస్తది. మేము నడుసుకుంట వచ్చేసరికి సర్వర్ ఉండదు. ఏం ఆట ఆడుతున్నవ్ నువ్వు?"

వరుసలో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు అవునన్నారు. ఎవరో వెనక నుంచి, బస్తాలు బయట అమ్ముకుంటున్నారన్నారు. భావన మొహం ఎర్రబడింది. ఆమెది క్యాంపే. తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం. కానీ తొమ్మిదిన్నరకు ఎవరు వచ్చారో, పదకొండుకు ఎవరు వచ్చారో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. మిషను ముందు ఎవరుంటే వాళ్ళకు కొట్టింది, అంతే.

గోల విని సెక్రటరీ నాగేంద్రబాబు తన గదిలోంచి బయటికి వచ్చాడు. రెండు నెలల కిందట సొసైటీలో ఆరు కెమెరాలు పెట్టించి, తన గదిలో గోడకు టీవీ బిగించుకున్నాడు. వరుసనూ, కౌంటరునూ, గోడౌను తలుపునూ కూర్చున్న చోటినుంచే చూస్తాడు.

"చూడమ్మాయ్, నేను టీవీలో చూస్తూనే ఉన్నాను. పది నిమిషాల నుంచి చేతులు కట్టుకుని కూర్చున్నావు," అన్నాడు అందరూ వినేలా. తర్వాత జనం వైపు తిరిగి, "ఈ అమ్మాయికి మిషను చేతకావటం లేదండి. కంపెనీ కుర్రాణ్ణి పిలిపిస్తున్నాను, ఓపిక పట్టండి," అన్నాడు.

కెమెరాలు, ఇంటర్నెట్ రెండూ అమర్చిన కంపెనీ రాయచూరులో ఉంది. అక్కడి నుంచి కార్తిక్ అనే టెక్నీషియన్ రెండున్నరకు వచ్చాడు. కౌంటరు వెనక గోడకున్న రౌటర్ పెట్టె స్విచ్ ఆపాడు, వేశాడు. మిషను పనిచేసింది. అప్పటికి వరుసలో ఏడుగురే మిగిలారు. బసవమ్మ వెళ్ళిపోయింది.

"ఏం చేశావు?" అని అడిగింది భావన.

"రీస్టార్ట్ మేడం."

"అది నేనూ చేశాను. మళ్ళీ పోతుంది. ఎందుకు పోతోంది?"

"మీకు సమజ్ కాదు మేడం. నెట్‌వర్క్ విషయం అది," అంటూ కార్తిక్ సర్వీసు కాగితం ముందు పెట్టి, సంతకం చెయ్యాల్సిన చోటు వేలితో చూపించాడు.

అలాంటి కాగితాల మీద ఆమె అంతకు ముందు రెండుసార్లు సంతకం పెట్టింది. రెండుసార్లూ చదవలేదు. ఈసారి చదివింది. కారణం అని ఉన్న గడిలో ఇంగ్లీషులో 'ఆపరేటర్ ఎర్రర్' అని రాసి ఉంది.

"నేనేం తప్పు చేశాను?"

"అట్లనే రాస్తం మేడం. ఏదో ఒకటి రాయాలె కదా."

"పాతవాటి మీద కూడా ఇదే రాశావా?"

కార్తిక్ నేల చూశాడు. భావన పెన్ను బల్ల మీద పెట్టేసింది. నాగేంద్రబాబు విసుక్కుంటూ వచ్చి, ఆ కాగితం లాక్కుని తనే సంతకం పెట్టాడు.

"మూడయ్యాయి. వచ్చే నెల కమిటీలో నీ సంగతి చెప్పక తప్పదు. ఇంకెవరినైనా చూసుకుంటాం," అన్నాడు.

సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ భావన పళ్ళు బిగించుకునే ఉంది. బసవమ్మ మీద కోపం, సెక్రటరీ మీద కోపం, వాళ్ళందరికన్నా తన మీద తనకు ఎక్కువ కోపం. చదవకుండా రెండుసార్లు సంతకం పెట్టింది. అడిగిన ప్రతి రైతుకూ 'సర్వర్ లేదు' అని రెండు నెలలు చెప్పింది. సర్వర్ అంటే ఏమిటో, అది ఎక్కడుంటుందో, లేకపోవడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. తెలియని మాటతో జనాన్ని వెనక్కి పంపింది.

రాయచూరు బస్టాండు దగ్గర ఒక మిద్దె మీద నెట్‌వర్కింగ్ క్లాసుల బోర్డు ఉండేది. ఆదివారం అక్కడికి వెళ్ళింది. నేర్పేది తిమ్మక్క. టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటర్‌గా చేరి, టెక్నీషియన్ అయి, రిటైరైన మనిషి. గదిలో పదిమంది ఉన్నారు, అందరూ వైర్లు లాగే పనిలో ఉన్న మగవాళ్ళు.

"నాకు క్లాసంతా అక్కర్లేదండి. మా సొసైటీ మిషను ఎందుకు ఆగిపోతోందో చెప్పండి చాలు," అంది భావన.

తిమ్మక్క కళ్ళద్దాల మీంచి చూసింది. "నీ మిషన్ నేను చూసిన్నా? ఏడుందో తెల్వది, దేనికి కట్టిన్రో తెల్వది. చూసేటిదానివి నువ్వు. నువ్వే నాకు చెప్పాలె. చెప్పనీకి వచ్చేదంక కూసో."

మొదటి రోజు కేబులు కొసలు బిగించడం. లోపల ఎనిమిది సన్నని తీగలు, వాటికో రంగుల వరుస. భావన ఆరుసార్లు చేసింది, ఆరుసార్లూ పరీక్ష పెట్టెలో ఏదో ఒక దీపం వెలగలేదు. ఆరోదాన్ని గోడకేసి కొట్టింది. గదిలో అందరూ తిరిగి చూశారు.

"ఏరుకో," అంది తిమ్మక్క తల ఎత్తకుండా. "కోపం ఉంటే ఉండనీ. చేతులు మాత్రం తొందర పడొద్దు."

ఏడోదానికి ఎనిమిది దీపాలూ వెలిగాయి. భావనకు సంతోషం కలగలేదు. కార్తిక్ దీన్ని కూడా ఆమెకు అర్థం కానిదిగానే చూపించాడు కదా అనిపించింది.

రెండో ఆదివారం తిమ్మక్క బల్ల మీద ఒక రౌటర్ పెట్టి, దాని చుట్టూ మూడు కంప్యూటర్లు కట్టింది.

"సర్వర్ లేదు అనే మాట ఇంక నా ముందట అనొద్దు," అంది. "అది ఢిల్లీల ఉంటదో బెంగుళూరుల ఉంటదో, దాని సంగతి తర్వాత. ముందు నీ ఇంట్ల చూసుకో. కేబుల్ ఉందా? దీపం ఉందా? నీ మిషన్‌కు నంబరు ఉందా? బయటకి పోయే తలుపు నంబరు దానికి తెలుసా? ఆ తలుపును పిలిస్తే పలుకుతుందా? గీ వరుస తప్పొద్దు."

బయటికి పోయే తలుపు అంటే రౌటర్. ఆఫీసులో ఉన్న మిషన్లన్నీ బయటి లోకానికి పంపాల్సింది దానికే ఇస్తాయి. మిషన్లకు నంబర్లు పంచేది కూడా అదే. అందుకే అన్నింటికీ దాని నంబరు తెలిసి ఉండాలి. ఆ నంబరు మనం పెట్టేది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దానితోపాటు ప్రతి పెట్టెకూ ఫ్యాక్టరీలో వేసిన ఇంకో నంబరు ఉంటుంది.

"నీ ఇంటి నంబరు మునిసిపాలిటీ వాళ్ళు మారుస్తరు. నీ వేలిముద్ర మారుస్తరా? గిది కూడా గట్లనే," అంది తిమ్మక్క. ఎదుట ఉన్న తలుపు ఏ పెట్టెదో, దాని ఫ్యాక్టరీ నంబరు ఏమిటో చూపించే ఒక్క ముక్క కమాండు కూడా చెప్పింది. భావన దాన్ని నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

మూడో ఆదివారమంతా రౌటర్ అమర్చడమే. వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పాత అమరికంతా చెరిపెయ్యాలి. కేబులు పెట్టి దాని పేజీ తెరవాలి. పెట్టె అడుగున అంటించిన పాస్‌వర్డు కొట్టి, ముందు దాన్ని మార్చాలి. తర్వాత నంబరు పెట్టాలి, మిషన్లకు నంబర్లు పంచే పని ఆన్ చెయ్యాలో ఆఫ్ చెయ్యాలో నిర్ణయించాలి, సేవ్ చెయ్యాలి. తిమ్మక్క భావన చేత అది పదిసార్లు చేయించింది. తొమ్మిదోసారికి ఆమె కాగితం చూడటం మానేసింది.

ఆ రోజు అందరూ వెళ్ళాక భావన సర్వీసు కాగితాల సంగతి చెప్పింది. తిమ్మక్క వైర్లు చుడుతూ వింది.

"మా ఎక్స్చేంజ్‌ల కూడా గదే. లైన్ పోతే ఆపరేటర్ పిల్ల తప్పని రాసెటోళ్ళు. నా పేరు మీద ఎన్ని రాసిన్రో," అంది. "ఏం చేసినవని అడగకు. లైన్ తిప్పలు నేర్చుకున్న. గంతే."

సోమవారం నుంచి భావన అరగంటకోసారి ఆ కమాండు కొట్టి, వచ్చింది నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. సొసైటీలో తలుపు నంబరు 192.168.0.1. పొద్దున తొమ్మిదీ యాభై అయిదుకు ఆ నంబరు దగ్గర పలికిన పెట్టె ఫ్యాక్టరీ నంబరు చివర 4C. పదీ ఇరవై అయిదుకు మళ్ళీ చూసింది. తలుపు నంబరు అదే, కానీ చివర A7. మిషను ఆగిపోయి ఉంది.

ఆమె మూడుసార్లు చూసుకుంది. మంగళవారం కూడా అంతే జరిగింది. బుధవారం అంతే. గురువారం నాగేంద్రబాబు పనిమీద రాయచూరు వెళ్ళాడు, ఆయన గది తాళం వేసి ఉంది. సాయంత్రం అయిదు దాకా చివర 4C తప్ప ఇంకోటి రాలేదు. మిషను ఒక్కసారి కూడా ఆగలేదు.

శుక్రవారం సెక్రటరీ వచ్చి, గదిలో మెయిన్ స్విచ్ వేసి, టీవీ పెట్టుకున్నాడు. భావన ఫైలు ఇచ్చే నెపంతో లోపలికి వెళ్ళింది. టీవీ కింద బల్ల మీద, కెమెరాలతోపాటు వచ్చిన రౌటర్ ఉంది. కౌంటరు వెనక ఉన్నదానికి కవలపిల్లలా ఉంది, అదే కంపెనీ, అదే మోడలు. ఫ్యాక్టరీ నుంచి రెండూ ఒకే తలుపు నంబరుతో వచ్చాయి. కార్తిక్ రెండో దాన్ని డబ్బాలోంచి తీసి, నంబరు మార్చకుండా మొదటి దానికి కేబులుతో కలిపేశాడు. సెక్రటరీ పదింటికి వచ్చి స్విచ్ వేసేసరికి సొసైటీలో ఒకే నంబరుతో రెండు తలుపులు. రెండో తలుపు వెనక టీవీ, కెమెరాలు తప్ప ఏమీ లేవు. మిషను పంపిన వేలిముద్రలు అక్కడికి వెళ్ళి ఆగిపోయాయి.

మూడు నెలలుగా జరిగింది ఇదే. ఆయన టీవీ పెట్టుకున్న ప్రతి రోజూ, పది తర్వాత వచ్చిన రైతులు చాలామంది ఉత్త చేతులతో వెళ్ళారు. దగ్గర్లో ఉన్న క్యాంపువాళ్ళు ముందే వచ్చి తీసుకెళ్ళారు. దూరం నుంచి నడిచొచ్చినవాళ్ళు ఎండలో నిలబడ్డారు. వాళ్ళు నిలబడటాన్ని ఈయన టీవీలో చూశాడు. భావనకు ఒళ్ళు వేడెక్కింది.

నోటుబుక్కు ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పింది. ఆయన రెండు పేజీలు తిప్పాడు.

"మూడు ఆదివారాలు చదివి కంపెనీవాళ్ళకే నేర్పుతావా?"

"నేర్పనండి. అయిదు నిమిషాలు ఈ ప్లగ్గు తీసి చూద్దాం. తప్పయితే నేనే మానేస్తాను."

"కెమెరాలు ఆగినప్పుడు గోడౌనులో ఏదైనా పోతే ఎవరిది బాధ్యత? దాన్ని ముట్టుకున్నావంటే ఈ రోజే కాగితం రాసిస్తాను. వెళ్ళి పని చూసుకో."

తర్వాతి బుధవారం యూరియా లారీ వచ్చింది. వరుస రోడ్డు దాకా పోయింది. తొమ్మిదిన్నర నుంచి చీటీలు వచ్చాయి. పదీ పావుకు లోపలి గదిలో టీవీ వెలిగింది. పదీ ఇరవైకి మిషను ఆగింది. వరుసలో బసవమ్మ ఉంది, ఇంకా ముగ్గురి వెనక.

భావన కుర్చీలోంచి లేచింది. 'సర్వర్ లేదు' అనలేదు.

"సర్వర్ ఉంది," అంది గట్టిగా, ముందు తెలుగులో, తర్వాత కన్నడంలో. "మిషనూ బాగానే ఉంది. ఆ గదిలో టీవీకి పెట్టిన పెట్టె, ఇక్కడి పెట్టె ఒకే నంబరు మీద ఉన్నాయి. అది వేస్తే ఇది ఆగుతుంది. మూడు నెలల నుంచి ఇదే. సెక్రటరీ గారికి శుక్రవారమే చెప్పాను. తియ్యనన్నారు."

నాగేంద్రబాబు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటీ అల్లరి? నువ్వు కూర్చో ముందు."

"ప్లగ్గు తీయండి సార్."

"తియ్యను. నాకు చెప్పేదానివా నువ్వు?"

బసవమ్మ వరుసలోంచి బయటికి వచ్చింది. ఆయన పక్క నుంచి గదిలోకి నడిచింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయి, వెనక వస్తున్న ఇంకో నలుగుర్ని చూసి తీసేశాడు.

"ఏదమ్మా అది?" అని లోపల నుంచి అడిగింది.

"టీవీ కింద, నల్ల వైరు."

టీవీ నల్లబడింది. భావన మిషను ఆపి మళ్ళీ వేసింది. ముందున్న రైతు వేలు పెట్టాడు. చక్రం తిరిగి ఆగిపోయింది. వరుసలో ఎవరో నవ్వారు. భావన తలుపును పిలిచి చూసింది, పలికింది, చివర 4C. "ఇంకోసారి పెట్టండి," అంది. ఈసారి చీటీ వచ్చింది. తర్వాతి మనిషికి వచ్చింది. మూడో మనిషికీ వచ్చింది.

"అయితే దాన్ని అట్లనే పెట్టున్రి," అన్నారెవరో.

"అలా కాదు, సరిచెయ్యాలి. రేపు ఎవరో మళ్ళీ వేస్తారు," అంది భావన. కౌంటరులో ఎవర్నీ పెట్టకుండా అలాగే వదిలి, ఆఫీసు ల్యాప్‌టాప్ పట్టుకుని సెక్రటరీ గదిలోకి వెళ్ళింది. ఆయన కుర్చీలో కూర్చుని ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఆమె రెండు పెట్టెల్ని కలిపిన కేబులు ముందు లాగేసింది. ప్లగ్గు మళ్ళీ పెట్టి, ల్యాప్‌టాప్ తగిలించి, పెట్టె తిరగేసి పాస్‌వర్డు చూసింది. మూడు నెలలైనా అది ఫ్యాక్టరీ పాస్‌వర్డే. మార్చింది. తలుపు నంబరు చివర ఒకటి తీసి రెండు పెట్టింది. నంబర్లు పంచే పని ఆఫ్ చేసింది. సేవ్ చేసి, కేబులు మళ్ళీ కలిపింది. అంతా కలిపి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో ఆమె ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

టీవీ వెలిగింది. మిషను ఆగలేదు. కదులుతున్న వరుసను నాగేంద్రబాబు టీవీలో కాసేపు చూసి, కట్టేశాడు.

బసవమ్మ రెండు బస్తాల చీటీ తీసుకుంది. "నెల కింద గిది తెల్వకపాయెనా నీకు?" అంది.

"తెలియలేదు పెద్దమ్మా."

"నా వరి సగం పోయింది."

అనరాని మాటలన్నందుకు బసవమ్మ క్షమించమంటుందేమోనని భావన ఎక్కడో ఆశపడినట్టుంది. ఆ ఆశ మీదే ఆమెకు ఒళ్ళు మండింది.

కార్తిక్ మూడింటికి వచ్చాడు. భావన అతని చేతికి సర్వీసు కాగితం ఇచ్చి, "రాయి. బిగించినప్పుడు నంబరు మార్చలేదని రాయి. సంతకం పెట్టు," అంది.

"మేడం, నౌకరీ పోతది."

"నాది పోబోయింది. అప్పుడు నువ్వు నేల చూశావు."

"నాకు ఎవరు నేర్పిన్రు మేడం?" అన్నాడు కార్తిక్. అతని గొంతులోనూ కోపం ఉంది. "చేరిన దినమే బండి తాళంచెవి ఇచ్చిన్రు. దినానికి ఎనిమిది చోట్లు. డబ్బా తెరువు, పెట్టు, దీపం వెలిగితే వచ్చెయ్. ఫోన్ వస్తే రీస్టార్ట్ చెయ్. ఏదీ తెల్వకపోతే ఆపరేటర్ అని రాయి. గదే నేర్పిన్రు."

అరవడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఇతనికి సరిపోవని భావనకు తెలిసింది. అయినా కాగితం వెనక్కి తీసుకోలేదు. అతను రాసి సంతకం పెట్టాడు. వెళ్ళేముందు క్లాసు ఎక్కడని అడిగితే, బస్టాండు దగ్గర అని మాత్రం చెప్పి తన పనిలో పడింది.

నెలాఖరు కమిటీ మీటింగులో ఆమె సంగతి ఎవరూ ఎత్తలేదు. సమస్య తీరినందుకు సెక్రటరీకి అభినందనలు చెప్పారు. మీటింగు రిపోర్టు కన్నడంలో టైపు చేసేది భావనే కాబట్టి మూల కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

"మూడు నెలల్లో వేలు పెట్టి చీటీ రాక వెళ్ళినవాళ్ళు నూట పద్నాలుగు మంది. పేర్లు మిషనులో ఉన్నాయి. తెచ్చాను," అంది. "వాళ్ళ పంటకు జరిగిన నష్టానికి ఎవరిది బాధ్యత?"

ఒకాయన టీ తాగాడు. నాగేంద్రబాబు, "అయిపోయిన దాన్ని ఎందుకమ్మా తవ్వుతావు," అన్నాడు.

ఆమె ఆ సాయంత్రం రిపోర్టు టైపు చేసింది. అభినందనలు రాసింది. దాని కింద తన ప్రశ్న రాసింది. దాని కింద, 'కమిటీ సమాధానం చెప్పలేదు' అని రాసి, నూట పద్నాలుగు పేర్లూ జత చేసింది. నాగేంద్రబాబు చదివి, ఆ వాక్యం తీసెయ్యమన్నాడు.

"తియ్యను," అంది.

"అయితే నేను సంతకం పెట్టను."

"పెట్టకండి."

సంతకం లేకుండానే దాన్ని నోటీసు బోర్డుకు అంటించి ఇంటికి వెళ్ళింది. మర్నాటికి ఎవరో చింపేశారు. ఇంకో కాపీ తీసి అంటించింది. అదీ చింపారు. మూడోదాన్ని అంటిస్తున్నప్పుడు వరుసలో ఉన్న రైతులు దగ్గరికొచ్చి తమ పేర్లు వెతుక్కోసాగారు. చదవడం రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి చెప్పారు. ఆ రోజు సాయంత్రం భావన తాళం వేసేటప్పుడు కూడా కాగితం బోర్డు మీదే ఉంది. కొన్ని పేర్ల కింద ఎవరో పెన్నుతో గీతలు గీశారు.